పండగ ఇంట్లో పిల్లలకో చోటు

సంక్రాంతికి ఊరెళ్ళాలంటే నవంబరు నడిమికే టికెట్ల సంగతి చూసుకోవాలి. 2024 నవంబరు 1 నుంచి రైల్వేవాళ్ళు ముందస్తు రిజర్వేషను గడువును 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించారు కాబట్టి, గౌతమిలోనో గోదావరిలోనో బెర్తు కావాలంటే బుకింగు తెరిచే రోజు పొద్దున్న ఎనిమిదింటికల్లా ఫోను పట్టుకుని కూర్చోవాల్సిందే. దొరక్కపోతే కారు. కారంటే విజయవాడ దారిలో పంతంగి టోల్‌గేటు దగ్గర కిలోమీటర్ల కొద్దీ బారు. ఇంత కష్టపడి వెళ్తాం. అత్తగారికి చీర, మామగారికి మోకాళ్ళ నొప్పుల మందు, తోడికోడలి పిల్లలకు బట్టలు, అన్నీ గుర్తుపెట్టుకుని సర్దుతాం. పిల్లలకు మాత్రం "పండక్కి ఊరెళ్తున్నాం" అని ఒక్క మాట చెప్పి బండెక్కిస్తాం. అక్కడ ఎవరెవరుంటారు, వాళ్ళు తమకు ఏమవుతారు, ఏం అడుగుతారు, రాత్రిళ్ళు ఎవరి పక్కన పడుకోవాలి, ఇవేవీ వాళ్ళకు తెలియవు.

మన కోణంలోంచి చూస్తే అది మనం పుట్టి పెరిగిన ఇల్లు. ఏ గుమ్మం ఎత్తుగా ఉంటుందో, ఏ పెద్దమ్మకు ఏ మాటంటే కోపమో మనకు తెలుసు. నగరంలో నలుగురుండే ఫ్లాటులో పెరిగిన ఎనిమిదేళ్ళ పిల్లకు అది పాతికమంది ఒక్కసారిగా మీద పడే చోటు. "నేనెవరో చెప్పుకో చూద్దాం" అని ఒకరు, "ఇంత పొడుగయిపోయిందేంటే" అని ఇంకొకరు, బుగ్గ పిండేవాళ్ళు, జడ లాగేవాళ్ళు. ఆ పిల్ల అమ్మ కొంగు వెనక దాక్కుంటే "మరీ సిగ్గు, ఎవరితోనూ కలవదు" అని పేరు పెట్టేస్తాం. అది కలవకపోవడం కాదు. తన చోటేమిటో తెలియక నిలబడిపోవడం. పండగ ఇంట్లో పిల్లలకు మనం చూపించాల్సింది ఆ చోటే. వాళ్ళను అందరి ముందు నిలబెట్టి చూపించడం కాదు, వాళ్ళకంటూ అక్కడ ఒక వరస, ఒక పని, ఒక ధైర్యం ఉండేలా చూడటం. నేను చెప్పదలచుకున్నదంతా దాని చుట్టూనే ఉంటుంది.

బయల్దేరే ముందు వారంలో ఒక సాయంత్రం పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఏదైనా పెళ్ళి ఆల్బమ్ తీయండి. ఫోనులో ఫోటోలైనా సరే. ఒక్కొక్కరినీ చూపిస్తూ పేరు, వరస, వాళ్ళ గురించి ఒక్క ముచ్చట చెప్పండి. "ఈయన పెదతాతగారు, చెవి సరిగ్గా వినపడదు, దగ్గరికెళ్ళి గట్టిగా చెప్పాలి." "ఈ అత్త నాకు సైకిలు తొక్కడం నేర్పింది." అలా చెప్పిన మనుషులు ఎదురుపడినప్పుడు పిల్లల మొహంలో తేడా మీకే కనపడుతుంది.

వరసలు చెప్పేటప్పుడు పేర్లు బట్టీ పట్టించకండి, లెక్క చెప్పండి. అమ్మ అక్కచెల్లెళ్ళు పెద్దమ్మా పిన్నీ అవుతారు, నాన్న అన్నదమ్ములు పెదనాన్నా బాబాయీ అవుతారు. వీళ్ళ పిల్లలందరూ మనకు అన్నలూ అక్కలూ తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ. అదే అమ్మ అన్నదమ్ములు మామయ్యలు, నాన్న అక్కచెల్లెళ్ళు అత్తలు. వాళ్ళ పిల్లలు బావలూ వదినలూ మరదళ్ళూ బావమరుదులూ. ఇంత పొందికైన లెక్క కాబట్టే థామస్ ట్రౌట్‌మన్ అనే పండితుడు దక్షిణాది వరసల మీద 1981లో 'ద్రవిడియన్ కిన్‌షిప్' అని ఒక పుస్తకమే రాశాడు. ఏడెనిమిదేళ్ళు దాటిన పిల్లలు ఈ లెక్కను ఇట్టే పట్టుకుంటారు. పట్టుకున్నాక పండగ ఇంట్లో కొత్తగా ఎవరు కనపడినా "ఈయన నాకు ఏమవుతాడు, పెదనాన్నా?" అని వాళ్ళే లెక్క కట్టుకుంటూ తిరుగుతారు.

ఈ వరసల దగ్గరే ఇంకో మాట. బావామరదళ్ళ సరసాలు మనకు అలవాటైన ముచ్చట. ఉయ్యాల్లో ఉన్న పిల్లను చూపించి "ఇదిగోరా నీ పెళ్ళాం" అనడం మన పెద్దవాళ్ళకు ప్రేమ చూపించే పద్ధతి. ఆ ప్రేమను నేను తప్పు పట్టను. కానీ పది పన్నెండేళ్ళ వయసులో, అప్పటిదాకా కలిసి దాగుడుమూతలు ఆడుకుంటున్న ఇద్దరు పిల్లల్ని అందరూ కూర్చున్న చోట ఆ మాటతో ఆటపట్టిస్తే ఏం జరుగుతుందో గమనించండి. మర్నాటి నుంచి ఇద్దరూ ఒకరి వైపు ఒకరు చూసుకోరు. ఒక మంచి స్నేహం అక్కడితో ఆగిపోతుంది. ఎవరైనా ఆ మాట ఎత్తితే "వాళ్ళను ఆడుకోనివ్వండి పిన్నీ, ఆ మాటలకు ఇంకా చాలా టైముంది" అని నవ్వుతూనే అడ్డుకోండి. మేనరికాల వల్ల పుట్టే పిల్లలకు కొన్ని జబ్బుల ముప్పు ఎక్కువని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు, ఆ కారణమూ ఉంది. నాకు మాత్రం అన్నిటికంటే ముందు ఆ పిల్లల ఆట పాడవడమే బాధ.

ఇక మార్కులు. కాఫీ గ్లాసులు చేతికొచ్చేసరికి ఈ ప్రశ్న వస్తుంది. "ఎన్నో క్లాసు? ఎంతొచ్చింది? మా వాడికి తొంభై ఆరు." అడిగేవాళ్ళలో నూటికి తొంభై మందికి చెడ్డ ఉద్దేశం ఉండదు. పిల్లలతో మాట కలపడానికి వాళ్ళకు ఇంకో దారి తెలియదు, అంతే. కాబట్టి వాళ్ళ మీద కోపం తెచ్చుకోకండి, వాళ్ళకు వేరే దారి చూపించండి. "వీడు ఈ మధ్య ఈత నేర్చుకుంటున్నాడు పెదనాన్నగారూ, మీరు కాలవలో ఈదేవారట కదా, అదేదో అడుగుతానంటున్నాడు." ఒక్క వాక్యం చాలు. పెదనాన్న మొహం వెలుగుతుంది, అరగంట సేపు కాలవ ముచ్చట్లు చెబుతారు, మార్కులు ఎవరికీ గుర్తుండవు. ప్రతి పిల్లకూ, ప్రతి పిల్లాడికీ ఇలా చెప్పుకోదగ్గది ఏదో ఒకటి ఉంటుంది. అదేమిటో బయల్దేరేముందే అనుకుని పెట్టుకోండి.

నిజానికి పిల్లల్ని ఎక్కువ నొప్పించేది బంధువుల ప్రశ్నలు కాదు, మన జవాబులు. "లెక్కల్లో వీక్ వదినా, ఎంత చెప్పినా ఎక్కదు." "అన్నం తినడు, ఎప్పుడూ ఆ ఫోనే." "ఇంకా పక్క తడుపుతాడు." ఏడాదికోసారి కలిసిన అక్కతో గుండెలో మాట చెప్పుకోవాలని ఎవరికైనా ఉంటుంది, అందులో తప్పు లేదు. చెప్పుకోండి. కానీ పిల్లాడు అదే గదిలో, గోడవైపు తిరిగి బొమ్మకారు నడుపుకుంటూ ఉన్నప్పుడు కాదు. వాడు వింటున్నాడు. వినడమే కాదు, ఆ మాట విన్న పాతికమందీ ఇక తనను అలాగే చూస్తారని అనుకుంటున్నాడు. బంధువులు ఏమన్నా అమ్మ పక్కనుంటే పిల్లలు తట్టుకుంటారు. అమ్మే అంటే ఇక ఎవరి దగ్గరికి పోతారు?

రంగు మాట, ఒళ్ళు మాట ఇంకా పదునైనవి. "నల్లబడిపోయిందేంటి పిల్ల", "ఏం పెడుతున్నావే, ఇలా ఊరిపోయాడు." ఇలాంటిది వినపడితే వెంటనే ఏదో ఒకటి అనాలి. ఎందుకంటే మన మౌనాన్ని పిల్లలు ఒప్పుకోలుగా తీసుకుంటారు. పెద్దవాళ్ళతో వాదం పెట్టుకోనక్కర్లేదు. "నాకైతే మా అమ్మాయి చక్కగా ఉంది అత్తయ్యా" అని దగ్గరికి తీసుకుంటే చాలు. ఆ మాట అత్తయ్యకు తగలాలని కాదు, అమ్మాయికి వినపడాలని.

పాట పాడమనడం, డాన్సు చెయ్యమనడం, ఇంగ్లీషు పద్యం చెప్పమనడం కూడా ఉంటాయి. సరదా పడే పిల్లలకు అది పండగే, ఆపకండి. వద్దని తల అడ్డంగా ఊపిన పిల్లలను మాత్రం ఒక్కసారికి మించి అడగనివ్వకండి.

పని ఇవ్వడం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే నా ఉద్దేశంలో పిల్లల్ని ఒక ఇంటికి కట్టిపడేసేది అదే. పండగ ఇంట్లో పనికి కొదవ లేదు. కొదవల్లా, పిల్లలకు ఇచ్చే ఓపిక మనకు ఉండకపోవడం. "నువ్వు పక్కకు పో, కాలుతుంది, ఒలుకుతుంది" అని తోసేసి, ఓ మూల కూర్చోబెట్టి చేతికి ఫోనిస్తాం. తర్వాత "వచ్చిన దగ్గర్నుంచీ ఫోనే" అని మనమే అంటాం.

అరిసెలు వండే రోజు చూడండి. బియ్యం ముందే నానబెట్టి, తడి ఆరకుండానే పిండి పట్టించుకుని రావాలి. మరకు వెళ్ళే మామయ్య వెంట పదేళ్ళ పిల్లాణ్ణి పంపండి. సంక్రాంతి ముందు పిండిమర దగ్గర ఊరంతా ఉంటుంది, డబ్బాలు వరసలో పెట్టి జనం కబుర్లు చెప్పుకుంటూ ఉంటారు. అక్కడ "ఎవరబ్బాయివి?" అని అడిగితే తాతగారి పేరు చెప్పుకోవడం వాడికి కొత్త అనుభవం. నగరంలో వాణ్ణి ఎవరూ తాతగారి పేరుతో గుర్తుపట్టరు. పాకం పొయ్యి దగ్గరికి పిల్లల్ని రానివ్వక్కర్లేదు. చల్లారిన చలిమిడిని ఉండలు చెయ్యడం, నువ్వులు అద్దడం, ఆకు మీద తట్టడం ఆరేళ్ళ పిల్లలు కూడా చేస్తారు. వంకరగా వస్తాయి. వాటిని కూడా వేయించండి. మధ్యాహ్నం విస్తట్లో "ఇది నేను తట్టింది" అని తనది తను వెతుక్కుంటుంది చూడండి, ఆ అరిసె వదిలిపెట్టదు. అన్నం తినదని మనం దిగులు పడే పిల్లే.

ముగ్గు వేసే పెద్దవాళ్ళ పక్కన చుక్కలు పెట్టడం, గొబ్బెమ్మల మీద గుచ్చడానికి గుమ్మడిపూలు తేవడం, మామిడాకుల తోరణానికి దారం అందించడం, పంక్తిలో మంచినీళ్ళు పోయడం, ఇవన్నీ పిల్లల పనులే. మంచినీళ్ళ పని నాకు ప్రత్యేకంగా ఇష్టం. కూజా పట్టుకుని పంక్తి వెంట నడిచే పిల్ల ప్రతి ఒక్కరి ముందూ ఆగుతుంది, "కావాలా తాతయ్యా" అని అడుగుతుంది. ఒకసారి పంక్తి తిరిగి వచ్చేసరికి అందరి మొహాలూ తెలిసిపోతాయి. హరిదాసు వచ్చినప్పుడు బియ్యం పోసే పని ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ళకు ఇవ్వండి. తలమీద ఉన్న పాత్ర అందేలా ఆయనే వంగుతాడు. అంత పెద్ద మనిషి తన కోసం వంగడం ఆ పిల్లకు పండగంతటిలోనూ గుర్తుండిపోవచ్చు. గంగిరెద్దుకు అరటిపండు పెట్టడానికి భయపడితే బలవంతం వద్దు, మర్నాడు మళ్ళీ వస్తుంది.

మగపిల్లలకు బయటి పనులు, ఆడపిల్లలకు వంటింటి పనులు అని విడదీయకండి. పిండిమరకు అమ్మాయిని పంపండి, పంక్తిలో వడ్డించడానికి అబ్బాయిని పిలవండి. అమ్మమ్మగారు మొదట "వాడెందుకే, నేను పోస్తాను" అంటారు. రెండో రోజుకు ఆవిడే పిలుస్తారు.

పని తర్వాత నేను పెద్దపీట వేసేది ఇంటి కథలకు. అమెరికాలో అట్లాంటా నగరంలోని ఎమొరీ విశ్వవిద్యాలయంలో మార్షల్ డ్యూక్, రాబిన్ ఫైవుష్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2001 ప్రాంతంలో ఒక పని చేశారు. మీ తాతయ్యా నానమ్మా ఎక్కడ పెరిగారు, మీ అమ్మా నాన్నా ఎలా కలిశారు, నువ్వు పుట్టినప్పుడు ఏం జరిగింది, ఇలాంటి ఇరవై ప్రశ్నలు తయారుచేసి పిల్లల్ని అడిగారు. తమ కుటుంబం గురించి ఎక్కువ తెలిసిన పిల్లలకు తమ మీద తమకు నమ్మకం ఎక్కువగా ఉందని, ఇంటి మీద భరోసా ఎక్కువగా ఉందని తేలింది. ఊరికే వివరాలు బట్టీ పడితే ఆ ఫలితం రాదని కూడా ఆ పరిశోధకులే చెప్పారు. కథలు చెప్పుకునే అలవాటు ఉన్న ఇంట్లో, కలిసి కూర్చున్న వేళల్లో, పెద్దవాళ్ళ నోట పదేపదే విన్నప్పుడే అది కలిగేది. మనకు ఆ కూర్చునే వేళ పండగ మూడు రోజులూ దొరుకుతుంది. భోజనాలయ్యాక అరుగు మీదో, డాబా మీదో.

అయితే తాతయ్యను "ఏదైనా కథ చెప్పండి" అంటే చెప్పరు. "ఏముంది చెప్పడానికి" అంటారు. పిల్లల చేత సరైన ప్రశ్న అడిగించాలి. గోదావరి జిల్లాల ఇళ్ళలో ఈ ప్రశ్నకు జవాబు లేని ముసలివాళ్ళు ఉండరు: "1986 ఆగస్టులో గోదారి వరదలొచ్చినప్పుడు మీరెక్కడున్నారు తాతయ్యా?" లేదంటే "1996 నవంబరు 6 రాత్రి తుపానులో ఏం చేశారు?" కొబ్బరి చెట్లు తలలు తెగి పడిపోవడం, ఇంటి పైకప్పు ఎగిరిపోవడం, తెల్లారి చూస్తే తోటంతా నేలమట్టం కావడం, మళ్ళీ మొక్కలు నాటి అవి కాపుకొచ్చేదాకా ఇల్లు ఎలా గడిచిందీ, అన్నీ బయటకొస్తాయి. కృష్ణా జిల్లా వాళ్ళయితే 1977 నవంబరు దివిసీమ ఉప్పెన గురించి అడగాలి. రాయలసీమ ఇంట్లో కరువు సంవత్సరాల గురించి, పశువుల్ని తోలుకుని గడ్డి ఉన్న చోటికి పోవడం గురించి అడగవచ్చు. తెలంగాణ పల్లెల్లో దసరాకు కలిసినప్పుడు ఊళ్ళో చెరువు నిండిన ఏడూ ఎండిన ఏడూ అడిగితే చాలు.

పెద్దవాళ్ళు ఓడిపోయిన సంగతులు కూడా చెప్పనివ్వండి. వ్యాపారంలో నష్టపోయిన బాబాయి, పదో తరగతి రెండోసారి రాసి గట్టెక్కిన మామయ్య, చదువుకోవాలని ఉన్నా ఆపేయించిన అత్త. "పిల్లల ముందు అవెందుకు" అని మనం కొట్టిపారేస్తాం. డ్యూక్, ఫైవుష్ చెప్పిన వాటిలో నాకు బాగా నచ్చినది ఇదే: మేమెప్పుడూ గెలుస్తూనే వచ్చాం అన్న కథ కంటే, పడ్డాం మళ్ళీ లేచాం అన్న కథ పిల్లలకు ఎక్కువ బలమిస్తుంది. యూనిట్ టెస్టులో తప్పిన పిల్లాడికి మామయ్య సప్లిమెంటరీ కథ ఎంత అవసరమో ఆలోచించండి.

విదేశాల నుంచి వచ్చే పిల్లల విషయంలో ఈ కథలకు భాష అడ్డం వస్తుంది. డాలస్ నుంచో మెల్‌బోర్న్ నుంచో వచ్చిన మనవరాలు సగం అర్థమై సగం అర్థం కాక నవ్వుతూ కూర్చుంటే "తెలుగు నేర్పలేదా" అని అందరూ తల్లిని పట్టుకుంటారు. ఆ మాట తల్లి కంటే ముందు పిల్లకు గుచ్చుకుంటుంది, ఆ తర్వాత వచ్చిన నాలుగు ముక్కలు కూడా పలకదు. తప్పుగా పలికినా నవ్వకుండా వినే మనిషి ఒక్కరుంటే చాలు. సాధారణంగా ఆ మనిషి తనకంటే చిన్నదైన చెల్లెలే అయి ఉంటుంది. ఇద్దరినీ ఒక పనిలో పెట్టి మనం పక్కకు తప్పుకోవడం మంచిది.

ఇప్పుడు చెప్పేది సంతోషమైన మాట కాదు, అయినా చెప్పకుండా ఉండలేను. ముద్దు పెట్టమని, ఒళ్ళో కూర్చోమని పిల్లల్ని ఎవరి దగ్గరికీ నెట్టకండి. రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టడం మన మర్యాదే, దాంతో ఎవరికీ లోటు జరగదు. "తాతయ్య అడుగుతున్నారు కదా, వెళ్ళి ముద్దు పెట్టు" అని మనం బలవంతం చేసిన ప్రతిసారీ, ఇష్టం లేకపోయినా పెద్దవాళ్ళు అడిగితే ఒళ్ళు అప్పగించాలని నేర్పిస్తున్నట్టే. జాతీయ నేర నమోదు సంస్థ నివేదికలు ఏటా చెబుతున్నది ఒకటే, పిల్లల మీద జరిగే లైంగిక నేరాల్లో నిందితులు అత్యధికం తెలిసినవాళ్ళే. అంటే బంధువుల్ని అనుమానించమని కాదు. పిల్లలు ఎప్పుడు ఎక్కడున్నారో మనకు తెలిసి ఉండాలని. పండగ రాత్రి హాల్లో వరసగా పరుపులు వేసినప్పుడు చిన్నపిల్లలు అమ్మ పక్కనో, అమ్మమ్మ పక్కనో పడుకునేలా చూడండి. స్నానం, బట్టలు మార్చుకోవడం ఎవరు చూస్తారో మీరే అనుకోండి. ఇంట్లోనే, బయల్దేరే ముందే, మామూలు గొంతుతో చెప్పండి: "ఎవరైనా నీకు నచ్చని విధంగా ముట్టుకుంటే, ఎవరికీ చెప్పొద్దని అంటే, వాళ్ళు ఎంత పెద్దవాళ్ళైనా సరే నాకు చెప్పు. నేను నిన్ను తిట్టను."

ఒక పిల్ల ఫలానా మనిషి దగ్గరికి పోనంటే కారణం రాబట్టడానికి అందరి ముందూ నిలదీయకండి, పంపకండి, అంతే. తర్వాత పక్కకు తీసుకెళ్ళి అడగండి. ఏదైనా చెబితే ముందు నమ్మండి. పరువు, పండగ, బంధుత్వం అన్నీ ఆ తర్వాతే. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఏ వేళ ఫోను చేసినా పలుకుతారు. పిల్లల మీద లైంగిక నేరాలను అరికట్టే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం సంగతి తెలిసిన పెద్దవాళ్ళు పోలీసులకు తెలియజేసి తీరాలి. ఇంట్లో సర్దుబాటు చేసుకుందాం అనే హక్కు ఎవరికీ లేదు.

మిగతా జాగ్రత్తలు త్వరగా చెప్పేస్తాను. జనవరిలో దాళ్వా (రెండో పంట) వరికి నీళ్ళు వదులుతారు కాబట్టి గోదావరి కాలవలు నిండుగా పారుతుంటాయి. గట్టు మీదకు పెద్దవాళ్ళు తోడు లేకుండా పిల్లల్ని పంపకండి. భోగిమంట దగ్గర నైలాను గౌన్లు, జారే పరికిణీలు వద్దు, నూలు బట్టలు వెయ్యండి. మంటలో టైర్లు వెయ్యనివ్వకండి, ఆ పొగ పసిపిల్లలకు మంచిది కాదు. భోగిపళ్ళు పోయించుకునే పిల్లలు చాలామంది ఐదేళ్ళ లోపువాళ్ళే. రేగిపళ్ళు, చెరకు ముక్కలు, చిల్లర నాణేలు తలమీద నుంచి జారి ఒళ్ళో పడగానే నోట్లో పెట్టుకుంటారు, రేగి గింజ గొంతులో ఇరుక్కుంటే ప్రాణం మీదికొస్తుంది. పేరంటాళ్ళు ఫోటోల్లో మునిగిపోయినా ఒకరు మాత్రం ఆ పిల్ల చేతుల మీదే కన్నేసి ఉంచాలి. గాలిపటాలకు నైలాను మాంజా కొనకండి, 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా దాన్ని నిషేధించింది. నూలు దారంతో కూడా గాలిపటం ఎగురుతుంది.

కోడిపందేలకు పిల్లల్ని తీసుకెళ్ళే విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది: వద్దు. అది మన గోదావరి జిల్లాల సరదా అనీ, ఏడాదికి మూడు రోజులే కదా అనీ అంటారు. జంతు హింస నివారణకు 1960లో వచ్చిన చట్టం, జూదాన్ని అడ్డుకునే 1974 నాటి రాష్ట్ర చట్టం రెండూ దాన్ని ఒప్పుకోవు. చట్టం మాట అటుంచి, కత్తి కట్టిన కోడి నెత్తురోడుతుంటే నోట్ల కట్టలు చేతులు మారడం, పక్కనే గుండాటలు, మందు, ఆ అరుపులు, ఇవన్నీ తొమ్మిదేళ్ళ పిల్లాడు నాన్న భుజం మీద కూర్చుని చూస్తాడు. నాన్న వెళ్ళిన చోటు కాబట్టి అది మంచి చోటే అనుకుంటాడు. అదే కనుమ రోజున కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థం ఉంది. పదకొండు ఊళ్ళ నుంచి పదకొండు రుద్రుల ప్రభలు వస్తాయి, వాటిని భుజాల మీద మోస్తూ పొలాల్లోంచి, కాలవ నీళ్ళలోంచి దాటిస్తారు. 2023లో ఢిల్లీ రిపబ్లిక్ దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ తీర్థం మీదే. పిల్లాడు భుజం మీద కూర్చుని చూడాల్సింది దాన్ని. రద్దీ బాగా ఉంటుంది కాబట్టి చొక్కా జేబులో మీ ఫోను నంబరు రాసిన కాగితం పెట్టండి.

పెద్దవాళ్ళ గొడవలు ఏ పండగకూ తప్పవు. పొలం పంపకాలు, ఎవరు ఎవరిని పిలవలేదు, ఎవరు ఎంత పెట్టారు. ఇవి రాత్రి పదింటి తర్వాత, పిల్లలు నిద్రపోయారనుకుని మొదలవుతాయి. నిద్రపోరు. కళ్ళు మూసుకుని వింటారు. మర్నాడు బాబాయి చాక్లెట్ ఇస్తే తీసుకోవచ్చా లేదా అని అమ్మ మొహం చూస్తారు. అంతకంటే బరువైనది తిరుగు ప్రయాణంలో ఉంటుంది. కారు తలుపు వేసుకోగానే మూడు రోజులుగా ఆపుకున్నదంతా బయటకొస్తుంది. "మీ అక్క చూశారా ఏమందో", "మీవాళ్ళు మాత్రం తక్కువా." వెనక సీట్లో కూర్చున్న పిల్లలు ఆ అత్తను మూడు రోజులుగా ప్రేమించడం నేర్చుకున్నారు. ఆవిడ వాళ్ళకు మంచు పడే పొద్దున పూలు కోసిచ్చింది, జడ వేసింది. వాళ్ళకు ఇప్పుడు అమ్మ పక్షాన ఉండాలంటే అత్తను వదులుకోవాలి. మీ కోపం న్యాయమైనదే అయినా సరే, పిల్లలు లేని చోట మాట్లాడుకోండి. వాళ్ళ బంధుత్వం వాళ్ళది.

ఇంటరు చదివే పిల్లల సంగతి వేరుగా చెప్పాలి. జేఈఈ మెయిన్ మొదటి విడత జనవరి చివర్లో పడుతుంది, ఆ తర్వాత కొద్ది వారాలకే బోర్డు పరీక్షలు. అందుకని చాలామంది ఆ పిల్లల్ని హాస్టల్లోనే ఉంచి మిగతావాళ్ళు పండక్కి వెళ్తారు, లేదా ఒక తల్లి పిల్లాడితో ఇంట్లో ఆగిపోతుంది. అలా చెయ్యకండి, రెండు రోజులైనా తీసుకెళ్ళండి. పదహారేళ్ళ పిల్లాడికి ఇంటరు రెండేళ్ళలో తనను ర్యాంకుతో కాకుండా పేరుతో పిలిచే మనుషులు చాలా తక్కువమంది. నానమ్మ ఒకరు. పుస్తకం సంచిలో పెట్టుకున్నా పెట్టుకోకపోయినా అడగకండి. ముందుగానే బంధువులకు ఫోను చేసి "పరీక్ష మాట ఎత్తకండి, వాడు కాస్త ఊపిరి పీల్చుకోవడానికి వస్తున్నాడు" అని చెబితే అర్థం చేసుకుంటారు. మనవాళ్ళు చెబితే వినేవాళ్ళే, మనమే మొహమాటపడి చెప్పం.

తిరిగొచ్చాక ఒక చిన్న అలవాటు చెయ్యండి. ఊరికి ఫోను చేసేది మీరు కాదు, పిల్లలు. వాళ్ళే నంబరు నొక్కాలి, వాళ్ళే పలకరించాలి. మీరు మాట్లాడాక చివర్లో "ఇదిగో తాతయ్యతో హలో చెప్పు" అని అందించిన ఫోనులో పిల్లలకు మాటలు దొరకవు. వాళ్ళంతట వాళ్ళు చేస్తే గేదె ఈనిందా, కుక్కపిల్లలు కళ్ళు తెరిచాయా, వాళ్ళకు కావలసినవి వాళ్ళు అడుగుతారు. వేసవి సెలవుల్లో పది రోజులు తాతయ్య దగ్గర ఉంటానని ఆ ఫోనులో వాళ్ళే మాటిచ్చేస్తే కాదనకండి. సమ్మర్ క్యాంపుకు కట్టాల్సిన డబ్బు అలాగే ఉంచుకుని, మామిడికాయల రోజుల్లో ఆవపిండి దంపే సమయానికి వాళ్ళను ఆ ఊళ్ళో దింపి రండి.